కరెంటు ఫ్రీక్వెన్సీ, గవర్నర్ ట్యూనింగ్: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

థర్మల్ ప్లాంట్లలో కంట్రోల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరయినవాణ్ణి. నన్ను ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు మూడు రకాలు. ఫైనలియర్ ప్రాజెక్టు నెత్తిమీద పడ్డ ఈఈఈ పిల్లలు, రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లు చూసే మెకానిక్కులు, ముత్తుకూరు వైపు వెళ్తూ చిమ్నీలు చూసి "ఇంత కరెంటు ఇక్కడే పుడుతుంటే మనకెందుకీ బాధ" అనేవాళ్ళు. ముగ్గురికీ కలిపే రాస్తున్నాను, అక్కర్లేనివి వదిలేసి చదవండి. ఫ్రీక్వెన్సీ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందన్న లెక్క, హెర్ట్జ్‌లో కొలుస్తారు. గవర్నర్ అంటే యంత్రం వేగం చూసి ఆవిరినో డీజిల్‌నో సర్దే పరికరం. అది ఎంత గట్టిగా స్పందించాలో సర్దడమే ట్యూనింగ్.

కృష్ణపట్నంలో అన్ని ప్లాంట్లున్నాయి. మా ఊళ్ళో ఫ్రీక్వెన్సీ మిగతా ఊళ్ళకంటే బాగుండాలి కదా?

ఉండదు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్ 800 మెగావాట్ల యూనిట్లు మూడూ నడుస్తున్నా, మీ ఇంటి ఫ్రీక్వెన్సీ, శ్రీనగర్‌లో ఒక ఇంటి ఫ్రీక్వెన్సీ ఒకటే. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ (కలిసి నడిచే ప్లాంట్లు, లైన్ల వల) మిగతా దేశంతో కలిసింది. అప్పటినుంచి దేశమంతా ఒకే యంత్రంలా తిరుగుతోంది. అంతకుముందు మనది విడి గ్రిడ్. అందుకే 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకట్లో మునిగినా మనకు దీపాలు వెలిగాయి.

మీరు అడగాలనుకున్నది బహుశా ఓల్టేజి గురించి. ఫ్యాను నీరసంగా తిరగడం, మోటారు మూలగడం, ట్యూబ్‌లైటు వెలగకపోవడం, ఇవన్నీ ఓల్టేజి గొడవలు. అది మీ ట్రాన్స్‌ఫార్మర్, మీ లైను, మీ వీధిలో ఎన్ని మోటార్లున్నాయన్న దానిమీద ఆధారపడుతుంది. దాని గురించి లైన్‌మన్‌తో మాట్లాడండి, నాతో కాదు.

అయితే ఇంటికి స్టెబిలైజర్ కొంటే ఫ్రీక్వెన్సీ కుదురుకుంటుందా?

కుదురుకోదు.

అసలు ఫ్రీక్వెన్సీ ఎందుకు మారుతుంది? 50 అంటే 50 ఉండొచ్చుగా?

కరెంటును బియ్యంలా బస్తాల్లో దాచలేం. ఈ క్షణంలో ఎంత వాడుతున్నామో, ఈ క్షణంలోనే అంత పుట్టాలి. వాడకం ఎక్కువై పుట్టుక తక్కువైతే, ఆ తేడాను తిరిగే టర్బైన్లు, జనరేటర్లు తమ వేగంలోంచి ఇచ్చేస్తాయి. ఇచ్చినకొద్దీ నెమ్మదిస్తాయి. ఆ నెమ్మదించడమే ఫ్రీక్వెన్సీ తగ్గడం. వాడకం తక్కువైతే ఉల్టా.

ఎంత వేగంగా పడుతుందో లెక్క చూద్దాం. 800 మెగావాట్ల యూనిట్ ఒకటి ఒక్కసారిగా ట్రిప్ అయిందనుకోండి. దేశంలో 2 లక్షల మెగావాట్ల యంత్రాలు తిరుగుతున్నాయనీ, వాటి జడత్వ స్థిరాంకం (తిరిగే ఇనుములో దాగిన శక్తితో పూర్తి లోడును ఎన్ని సెకన్లు మోయగలవో చెప్పే అంకె) 4 సెకన్లనీ అనుకుంటే, ఫ్రీక్వెన్సీ మొదట సెకనుకు 0.025 హెర్ట్జ్ చొప్పున పడుతుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. అదే గుంట గట్టు మీది 50 కిలోవాట్ల డీజిల్ జనరేటర్ మీద ఒక్కసారి 10 కిలోవాట్లు పడితే? దాని స్థిరాంకం 1 సెకను అనుకున్నా, సెకనుకు 5 హెర్ట్జ్. చెవికే తెలిసిపోతుంది. సూత్రం ఒకటే, పడే వేగంలో తేడా 200 రెట్లు. అందుకే ట్యూనింగ్ నేర్చుకోవాలంటే గ్రిడ్ కంటే జనరేటర్ మంచి బడి అని నేనంటాను.

మన గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి.

దాన్ని ఎవరు సరిచేస్తారు?

ఒకరి తర్వాత ఒకరు. మొదటి ఒకటి రెండు సెకన్లు ఎవరూ ఏమీ చెయ్యరు, తిరిగే ఇనుము బరువే కాపు కాస్తుంది. తర్వాత ప్రతి పెద్ద యూనిట్‌లోనూ ఉండే గవర్నర్ తనంతట తాను ఆవిరి వాల్వునో నీటి గేటునో కదిలిస్తుంది. ఇది ప్రైమరీ. దేశమంతా ఇది 45 సెకన్లలో పూర్తిగా అందాలని నియమం. ఆ తర్వాత వచ్చేది సెకండరీ, అంటే ఏజీసీ (ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్). గ్రిడ్‌ను నడిపించే లోడ్ డిస్పాచ్ సెంటర్ కంప్యూటర్ 4 సెకన్లకోసారి లెక్కగట్టి ప్లాంట్లకు "పెంచు, దించు" అని సిగ్నల్ పంపుతుంది. మన దేశంలో దీన్ని 2018 జనవరిలో ఎన్టీపీసీ దాద్రీలో మొదట మొదలుపెట్టారు. సిగ్నల్ అందుకున్న ప్లాంటు 30 సెకన్లలో కదలాలి, 15 నిమిషాల్లో పూర్తిగా ఇవ్వాలి. చివరిది మనుషుల పని. ఏ ప్లాంటును పెంచాలి, దేన్ని తగ్గించాలి అని ఫోన్లు, షెడ్యూళ్ళు.

డ్రూప్ అంటే ఏమిటి? ప్రతి పుస్తకంలో ఉంటుంది, ఎక్కడా అర్థం కాదు.

"ఫ్రీక్వెన్సీ ఇంత తగ్గితే నేను ఇంత పెంచుతాను" అనే ఒప్పందం, అంతే. 5 శాతం డ్రూప్ అంటే ఫ్రీక్వెన్సీ 5 శాతం, అంటే 2.5 హెర్ట్జ్ పడితే యూనిట్ తన పూర్తి సామర్థ్యమంతా పెంచాలని అర్థం. 800 మెగావాట్ల యూనిట్‌కు హెర్ట్జ్‌కు 320 మెగావాట్లు. 0.1 హెర్ట్జ్ పడితే 32 మెగావాట్లు. మన కోడ్ డ్రూప్‌ను 3 నుంచి 6 శాతం మధ్య పెట్టమంటుంది.

ఇది కాగితం మీద లెక్క. వాల్వులు అప్పటికే పూర్తిగా తెరిచి నడుపుతున్న యూనిట్‌ను పెంచమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? పైగా ఈ 800 మెగావాట్ల యూనిట్లు సూపర్ క్రిటికల్, బాయిలర్‌కు డ్రమ్ము ఉండదు. పాత డ్రమ్ము బాయిలర్లలో కాస్త ఆవిరి నిల్వ ఉండేది, గవర్నర్ అడగ్గానే ఇచ్చేది. వీటిలో ఆ నిల్వ తక్కువ. వాల్వును ముందే కాస్త బిగించి ఉంచితేనే అడిగినప్పుడు ఇవ్వడానికి ఏమైనా ఉంటుంది.

డ్రూప్ ఎందుకు? గవర్నర్‌ను నేరుగా 50 దగ్గరే నిలబెట్టమనొచ్చు కదా?

ఒకే జనరేటర్ అయితే నిలబెట్టొచ్చు. దాన్ని ఐసోక్రోనస్ అంటారు. రెండింటిని కలిపి ఒకే లోడు మీద పెట్టి, రెండింటినీ ఐసోక్రోనస్‌లో ఉంచి చూడండి. ఒకదాని మీటరు 50.00 అని, రెండోదాని మీటరు 50.02 అని చూపిస్తుంది. మీటర్లలో ఆ మాత్రం తేడా ఎప్పుడూ ఉంటుంది. మొదటిది "సరిపోయింది" అంటుంది, రెండోది "ఎక్కువైంది" అని డీజిల్ తగ్గిస్తూ పోతుంది. కాసేపటికి లోడంతా ఒకదాని మీద పడుతుంది, రెండోది మోటారులా తిరుగుతుంది, రివర్స్ పవర్ రిలే కొడుతుంది. డ్రూప్ ఉంటే రెండూ తమ తమ వంతు మోస్తాయి. దేశంలోని వందల యూనిట్లు కొట్టుకోకుండా ఉండటానికీ ఇదే కారణం.

డ్రూప్‌తో చిక్కు ఏమిటంటే ఫ్రీక్వెన్సీ తిరిగి 50కి రాదు. పడటం ఆగుతుంది, కాస్త కిందే నిలబడుతుంది. ఆ మిగిలిన కొంచెం తెచ్చేది ఏజీసీలోని ఇంటెగ్రల్, అంటే తేడా తీరేదాకా సర్దుతూనే పోయే భాగం.

పీఐడీ కంట్రోలర్‌లో పీ (ప్రపోర్షనల్), ఐ (ఇంటెగ్రల్), డీ (డెరివేటివ్) మూడింటిలో ఏది పెంచాలి?

ఈ ప్రశ్నకు కావలి కాలువ చివరి ఆయకట్టులో పొలమున్నవాళ్ళు ఎవరైనా జవాబు చెప్పగలరు.

చివరి పొలానికి నీళ్ళు రాలేదు. రైతు లస్కరుకు ఫోన్ చేస్తాడు. లస్కరు షట్టర్ కొంచెం ఎత్తుతాడు. నీళ్ళు అంత దూరం నడిచి రావడానికి గంటలు పడుతుంది. ఈలోపు రైతు ఓపిక పట్టక మళ్ళీ ఫోన్, మళ్ళీ ఎత్తు. మళ్ళీ ఫోన్, ఇంకాస్త ఎత్తు. మధ్యాహ్నానికి ఎత్తినవన్నీ కలిసి ఒక్కసారిగా వస్తాయి, గట్టు తెగుతుంది. అప్పుడు దించమని ఫోన్లు. సాయంత్రానికి మళ్ళీ ఎండు.

ఇక్కడ "ఎంత లోటు ఉందో అంత ఎత్తు" అనేది పీ. "లోటు తీరేదాకా ఎత్తుతూనే పో" అనేది ఐ. రైతు తప్పల్లా ఐ ఎక్కువ పెట్టడమే, నీటి నడక ఎంతసేపో చూసుకోకపోవడమే. షట్టర్ అప్పటికే పూర్తిగా ఎత్తి ఉన్నా ఫోన్లు చేస్తూనే ఉంటే దాన్ని మన భాషలో ఇంటెగ్రల్ వైండప్ అంటారు. ఎత్తడానికి ఇంక లేదని తెలిశాక ఫోన్లు లెక్కపెట్టడం ఆపాలి, అది యాంటీ వైండప్. ప్రతి ఏజీసీలోనూ ఉండాలి, ప్రాజెక్టుల్లో సగానికి పైగా ఉండదు.

డీ అంటే "నీటిమట్టం ఎంత జోరుగా పడుతోందో చూసి ముందే ఎత్తడం". వినడానికి బాగుంటుంది. కానీ గాలికి లేచే అలను కూడా పడిపోతున్న మట్టమనుకుంటుంది. ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌లో అలాంటి అలలు బోలెడు. ఫిల్టర్ లేకుండా డీ పెడితే వాల్వు పొద్దస్తమానం వణుకుతుంది, అరుగుతుంది. నా మటుకు నేను ఏజీసీలో డీ జోలికి పోను. పీ కూడా తక్కువే. నెమ్మదైన ఐ ఒక్కటి చాలు.

గుంట దగ్గర జనరేటర్ ఊగుతోంది. గేన్ ఎటు తిప్పాలి?

ముందు ఎటూ తిప్పకండి. గేన్ అంటే తేడా చూసి గవర్నర్ ఎంత గట్టిగా స్పందించాలన్న సెట్టింగ్. ఒక సంగతి చెప్తాను.

ఇందుకూరుపేట వైపు ఒకాయన గుంటల దగ్గర్నుంచి రాత్రిపూట ఫోన్. "అన్నా, ఇంజను రాగం తీస్తా ఉండాది" అన్నాడు. వెళ్ళేసరికి నిజంగానే రాగం. రెండు సెకన్లకోసారి లేచి, పడి, లేచి, పడి. మీటరు 48 నుంచి 52 మధ్య ఊయల. గుంటలో నీటికి గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు కూడా దానికి తగ్గట్టే ఒకసారి నురగ పెంచి ఒకసారి తగ్గిస్తున్నాయి. అంతకుముందు రోజు వచ్చిన మెకానిక్ గవర్నర్ బాక్సులో గేన్, స్టెబిలిటీ స్క్రూలు రెండూ తన ఇష్టం వచ్చినట్టు తిప్పి వెళ్ళాడు. నేనూ గంటసేపు అవే స్క్రూలు తిప్పాను. గేన్ బాగా తగ్గిస్తే ఊగడం నెమ్మదించింది తప్ప ఆగలేదు. ఎంత తగ్గించినా చిన్న ఊగు మిగులుతోంది. అప్పుడు తట్టింది. గవర్నర్ చెప్పినట్టు కదిలే యాక్చువేటర్ నుంచి ఫ్యూయల్ పంపుకు వెళ్ళే రాడ్డును వేళ్ళతో పట్టుకుని కదిపాను. టకటక మంది. బాల్ జాయింట్ అరిగిపోయి ఒక మిల్లీమీటరు లూజుంది. గవర్నర్ కదిలినా ఆ లూజు దాటేదాకా పంపు కదలదు, కదిలేసరికి ఆలస్యమైపోయి గవర్నర్ ఎక్కువ ఇచ్చేస్తుంది. తెల్లారాక నెల్లూరు నుంచి కొత్త జాయింట్ తెచ్చి వేస్తే, స్క్రూలు పాత చోటికి తెచ్చిన పది నిమిషాల్లో ఇంజను చేప పిల్లలా నిశ్శబ్దం. ఆ గంటసేపూ స్క్రూలు తిప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

కాబట్టి వరస ఇది. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందా, లైన్‌లో గాలి ఉందా, లింకేజీ బిగుసుకుందా, లూజుగా ఉందా, స్పీడ్ సెన్సర్ మీద మడ్డి పేరుకుందా చూడండి. ఇవన్నీ బాగుంటేనే స్క్రూ డ్రైవర్ తియ్యండి. లోడు లేకుండా ఇంజను నడిపి గేన్‌ను కొంచెం కొంచెం పెంచండి. ఊగడం మొదలవగానే ఆపి, ఊగు ఆగి ఇంకాస్త వెనక్కి వచ్చేదాకా తగ్గించండి. స్టెబిలిటీ స్క్రూను కూడా అలాగే. తర్వాత అసలు పరీక్ష. 2 హెచ్‌పీ ఏరేటర్లు రెండు ఒకేసారి వెయ్యండి. ఫ్రీక్వెన్సీ పడాలి, లేవాలి, ఒక్కసారి కొంచెం దాటొచ్చు, కుదురుకోవాలి. మూడుసార్లు దాటితే గేన్ ఎక్కువ. అసలు దాటకుండా పాకుతూ వస్తే తక్కువ, అయినా రొయ్యకు దాంతో ఇబ్బంది లేదు, వదిలెయ్యొచ్చు.

ఏరేటర్లన్నీ ఒక్క స్విచ్‌తో ఆన్ చేసే అలవాటుంటే మానండి. నేరుగా స్టార్ట్ చేసిన మోటారు ఆ కాసేపు మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఏ ట్యూనింగూ దాన్ని కాపాడలేదు. ఇంకొకటి, చేంజోవర్ స్విచ్ (లైనో జనరేటరో ఒక్కటే తగిలేలా చేసేది) లేకుండా జనరేటర్‌ను లైనుకు తగిలించకండి. కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

ప్రాజెక్టులో పార్టికల్ స్వార్మ్‌తో (కంప్యూటరే మంచి గేన్లు వెతికే పద్ధతి) పీఐడీ ట్యూన్ చేశాను. 5 సెకన్లలో కుదురుకుంటోంది. అయినా వైవాలో సార్ ఒప్పుకోలేదు. ఎందుకు?

సార్‌ది తప్పు కాదు. మీ సిమ్యులింక్ (కంప్యూటర్ మోడల్) బ్లాకుల్లో గవర్నర్ 0.08 సెకను, టర్బైన్ 0.3 సెకను, రీహీటర్ 10 సెకన్లు, గ్రిడ్ గేన్ కేపీ 120, దాని టైమ్ కాన్‌స్టంట్ టీపీ 20, డ్రూప్ 2.4 అని ఉంటాయి. చూడకుండానే చెప్తున్నాను, ఎందుకంటే అందరి ప్రాజెక్టుల్లోనూ అవే ఉంటాయి. ఆ 2.4 ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? 60 హెర్ట్జ్‌లో 4 శాతం. అది అమెరికా గ్రిడ్ లెక్క. మన 50 హెర్ట్జ్‌కు 4 శాతమంటే 2.0. టీపీ కూడా అంతే, అదే జడత్వం, అదే లోడ్ డ్యాంపింగ్ (ఫ్రీక్వెన్సీతో పాటు లోడు మారే తీరు) ఉంచి 50కి మారిస్తే 20 కాదు, 24 వస్తుంది. బయాస్ (ఫ్రీక్వెన్సీ తేడాను పవర్ లెక్కలోకి మార్చే అంకె) 0.425 అనేది 1/2.4కు లోడ్ డ్యాంపింగ్ కలిపితే వచ్చింది. డ్రూప్ మారిస్తే అదీ మారాలి. నెల్లూరులో కూర్చుని ఒహాయోకు ట్యూనింగ్ చేస్తున్నారన్నమాట.

అది చిన్న తప్పు. పెద్దది, మీ యూనిట్‌కు అడ్డూ అదుపూ లేదు. థర్మల్ యూనిట్ లోడు పెంచే వేగం నిమిషానికి 3 శాతం అనుకోండి, అంటే 800 మెగావాట్లకు నిమిషానికి 24 మెగావాట్లు. 1 శాతం స్టెప్ లోడుకు అది 20 సెకన్లు తీసుకుంటుంది. మొదటి కొన్ని సెకన్లు బాయిలర్‌లో నిల్వ ఉన్న ఆవిరి ఆదుకోవచ్చు, నిలబెట్టి ఇచ్చేది మాత్రం ఈ వేగంతోనే. మీ గ్రాఫ్ 5 సెకన్లలో పని ముగిస్తోంది. ఎలా ముగిసింది?

ఇలా చెయ్యండి. జనరేషన్ రేట్ పరిమితి పెట్టండి. గవర్నర్ డెడ్ బ్యాండ్ పెట్టండి, అది నేను పైన చెప్పిన బాల్ జాయింట్ లూజే, వేరేది కాదు. ఏజీసీ సిగ్నల్‌ను 4 సెకన్లకోసారి మాత్రమే పంపి, పైన ఒకటి రెండు సెకన్ల ఆలస్యం కలపండి. ఇప్పుడు మీ స్వార్మ్ ఇచ్చిన గేన్లతోనే మళ్ళీ నడపండి. చాలా వరకు అది మా జనరేటర్‌లా రాగం తీస్తుంది. అప్పుడు మళ్ళీ ట్యూన్ చేస్తే వచ్చే గేన్లు చాలా చిన్నవి, గ్రాఫ్ అందంగా ఉండదు. ఆ అందంలేని గ్రాఫ్ పట్టుకుని వైవాకు వెళ్ళండి.

స్వార్మా, జెనెటిక్కా, తోడేళ్ళ గుంపా, వెతికే పద్ధతి ఏదన్నది నాకంత పట్టదు. దేన్ని తగ్గించమని అడిగారన్నది ముఖ్యం. ఐటీఏఈ (తప్పును కాలంతో గుణించి కూడే కొలత) వాడితే ఆలస్యంగా మిగిలే తప్పుకు ఎక్కువ శిక్ష పడుతుంది, ఊగులాట తగ్గుతుంది. దానికి వాల్వు ఎంత కదిలిందన్న ఖర్చు కూడా కలపండి. అది కలపకపోతే ఏ జంతువును వాడినా గేన్ను ఆకాశానికి ఎత్తుతుంది. చివరిగా, మీ యంత్రాల విలువలను పైకీ కిందికీ పాతిక శాతం మార్చి నడపండి. ఒక్క చోట మాత్రమే బాగుండే గేన్లు పనికిరావు.

జీగ్లర్–నికల్స్ పద్ధతి నిజం యూనిట్ మీద చెయ్యొచ్చా?

1942 నాటి ఆ పద్ధతిలో గేన్‌ను ఊగులాట ఆగకుండా సాగేదాకా పెంచాలి, ఆ గేన్‌లో 0.6 వంతు తీసుకోవాలి. జనరేటర్ మీద చెయ్యండి, పైన చెప్పింది దాదాపు అదే. గ్రిడ్‌కు కట్టిన యూనిట్ మీద ఊగులాట తెప్పిస్తానంటే లోడ్ డిస్పాచ్ నుంచి ఫోన్ వస్తుంది.

శ్రీశైలం, సాగర్ లాంటి జల విద్యుత్తుకు కూడా ఇవే గేన్లు సరిపోతాయా?

లేదు. నీటి యూనిట్‌కు ఒక వింత గుణం ఉంది. పవర్ పెంచాలని గేటు తెరిస్తే, మొదటి ఒకటి రెండు సెకన్లు పవర్ తగ్గుతుంది. పెన్‌స్టాక్‌లో, అంటే టర్బైన్‌కు నీళ్ళు తెచ్చే గొట్టంలో, నీళ్ళు ఒక్కసారిగా జోరందుకోలేవు, గేటు దగ్గర ఒత్తిడి పడిపోతుంది. గేన్ ఎక్కువున్న గవర్నర్ ఆ తగ్గుదల చూసి ఇంకా తెరుస్తుంది, అంతే సంగతులు. అందుకే అక్కడ ట్రాన్సియెంట్ డ్రూప్ అని ఒకటి పెడతారు, మొదటి కొన్ని సెకన్లు గవర్నర్‌ను కావాలనే మొద్దుగా ఉంచేది. ఆ మొదటి క్షణం దాటాక నీటి యూనిట్‌ను మించింది లేదు.

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు అందరం 9 నిమిషాలు లైట్లార్పి దీపాలు పెట్టాం, గుర్తుందా? దేశవ్యాప్తంగా వాడకం సుమారు 31 వేల మెగావాట్లు పడిపోయి, మళ్ళీ లేచింది. ఆ పతనాన్ని మోసింది ప్రధానంగా జల విద్యుత్తే. ముందుగా పెంచి పెట్టుకుని, లైట్లు ఆరుతుంటే దించి, వెలుగుతుంటే మళ్ళీ ఎత్తారు. ఆ కాసేపట్లో ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 మధ్య తిరిగింది. కంట్రోల్ రూముల్లో టెన్షన్ మామూలుది కాదు. ఆ రాత్రి చాలా భాగం ముందే వేసుకున్న ప్లానుతో, మనుషులు గడియారం చూసుకుంటూ చేసిందని గమనించండి. ముందే తెలిసిన మార్పును కంట్రోలర్ గేన్‌కు వదిలెయ్యక్కర్లేదు.

సోలార్ పెరిగితే ట్యూనింగ్ మారాలా?

మారాలి. సోలార్ ప్యానెల్‌లో తిరిగే ఇనుము లేదు. పగలు థర్మల్ యూనిట్లను తగ్గించి సోలార్ నడిపితే కాపు కాసే బరువు తగ్గి, ఫ్రీక్వెన్సీ పడే వేగం పెరుగుతుంది. పొద్దున గేన్లు మధ్యాహ్నానికి సరిపోకపోవచ్చు. బ్యాటరీలు సెకనులోపే ఇవ్వగలవు, కానీ వాటి గేన్‌ను కూడా నిదానంగా ఉన్న బాయిలర్లతో కలిపే చూడాలి. వేరుగా ట్యూన్ చేసి కలిపితే కొట్టుకుంటాయి.

ఫ్రీక్వెన్సీని ఇంట్లో చూడాలంటే?

హెర్ట్జ్ ఉన్న డిజిటల్ మల్టీమీటర్ కొనండి, రెండు దశాంశాల దాకా చూపించేది. జాగ్రత్తగా ప్లగ్‌లో పెట్టి, పక్కన గడియారం ఉంచుకోండి. సాయంత్రం లోడు ఎక్కే వేళ ఒక గంట రాసుకోండి. మన దగ్గర కరెంటు షెడ్యూళ్ళు 15 నిమిషాల ముక్కలుగా, రోజుకు 96గా ఉంటాయి. ముక్క మారేచోట ప్లాంట్లన్నీ ఒకేసారి తమ లెక్క మార్చుకుంటాయి కాబట్టి పావు, అర, ముప్పావు గంటల దగ్గర అంకె తరచూ ఒక చిన్న గంతు వేస్తుంది. ప్రాజెక్టు చేసే పిల్లలూ, మీ మోడల్‌కు ఇచ్చే లోడు కోసం వెతుక్కుంటున్నారు కదా, ఆ గంతులు రాసుకొచ్చి పెట్టండి.